నాకు దక్కని రంగూన్ పర్మిట్టు

మా చిన్నతనంలో రంగూన్ పరాయి దేశమని శ్రీకాకుళంలో ఎవరూ అనుకునేవారు కాదు. ఇంటికొకరు అక్కడ ఉండేవారు. మధ్యలో సముద్రం ఉందన్న మాటేగాని, సాలూరు వెళ్ళొచ్చినంత సులువుగా వెళ్ళొచ్చేవారు. జపాన్‌తో యుద్ధం అయిపోయాక ఆ వెసులుబాటు పోయింది. పర్మిట్టు లేనిదే ఓడ ఎక్కనివ్వమన్నారు. సరిగ్గా అప్పుడే నాకు పెళ్ళయింది. మా ఆయన రంగూన్‌లో వాళ్ళ చిన్నాన్నగారి బట్టల కొట్టు చూసేవారు. పెళ్ళయిన నెలకే ఆయన వెళ్ళిపోయారు. నేను పర్మిట్టు తెచ్చుకుని వెనకాల వెళ్ళాలి. మేడ మీద రెండు గదులు తీసుకున్నారని కబురొచ్చింది. ఆ గదుల్లో తిరుగుతున్నట్టు నేను పట్టపగలే కలలు కనేదాన్ని.

మా ఆయనకి వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో వెలసిన దేవుడి పేరు పెట్టారు. మొగుడి పేరు నోటితో అంటే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. అందుకని ఆ దేవుణ్ణి కూడా ‘వంశధార ఒడ్డు సామి’ అనే మొక్కుకునేదాన్ని. (దేవుడు అర్థం చేసుకునేవాడు. ఆఫీసరు చేసుకోలేదు.)

మా అత్త నన్ను వెంటబెట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్ళింది. పర్మిట్లిచ్చేచోట ఆవిడని వరండాలో కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. కాగితంలో ఉన్నది మన నోటితో చెప్పించుకోవడం వాళ్ళ పద్ధతి. ఆఫీసరు అరవాయన, తెలుగు అంతంత మాత్రం.

“నీ భర్త పేరేమమ్మా?” అన్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్ళీ అడిగారు. “వంశధార ఒడ్డున ఉంటారు కదండీ, ఆయనేనండి” అన్నాను.

“ఒడ్డున ఉన్నారా? ఇప్పుడూనా?”

“ఎప్పుడూ అక్కడే ఉంటారండి” అన్నాను భక్తిగా.

“మరి రంగూన్‌లో ఎవరున్నారు?”

“ఆయనేనండి.”

అంతే. భర్త మన జిల్లాలోనే ఉండగా రంగూన్‌లో ఈమెకి పని లేదని రాసి, నా దరఖాస్తు తిప్పి పంపేశారు.

వరండాలో మా అత్త తల పట్టుకుంది. “ఓలమ్మా, ఏటే నువ్వు! నా కొడుకు పేరు నీ నోట్లోంచి ఊడిపడనేదేటే?”

“మీ అబ్బాయి ఆయుష్షు, అత్తా...” అన్నాను ఏడుస్తూ.

“ఆడి ఆయుష్షు నాను సూసుకుంటాను గానీ, నువ్వు ముందు పేరు సెప్పడం నేర్సుకో!”

మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చని మా వీధిలో ఉండే ప్లీడరు గుమాస్తాగారు చెప్పారు. ఇక మా వంటింట్లో బడి మొదలైంది. అత్త పొయ్యి ఊదుతూనే “ఊఁ, సెప్పు” అనేది. మొదటి అక్షరం దగ్గరే నాకు నవ్వో ఏడుపో వచ్చేది. “పేరు సెప్తేగానీ సల్దన్నం నేదు” అంది ఓ పూట. (అని, తనే జాలిపడి ఆవకాయ వేసి మరీ పెట్టింది.) చివరికి ఒక పొద్దున్న పాలు పొంగిపోతుంటే, ఆ కంగారులో, పక్కగదిలో ఆయనున్నట్టు పేరు పెట్టి కేకేశాను. వీధిలోంచి ఇద్దరు తొంగిచూశారు. పొయ్యి మీది పాలు వదిలేసి అత్త నన్ను పట్టుకుని “వచ్చినాది, వచ్చినాది!” అని గిరగిరా తిప్పేసింది.

రెండోసారి ఆ ఆఫీసరు నోరు తెరవకముందే ఇంటిపేరుతో సహా అప్పజెప్పాను. ఆయనకి నవ్వొచ్చింది. అంతలోనే మొహం చిన్నబోయింది. “బాగా చెప్పావమ్మా. కాని కొత్తవాళ్ళకి ఇవ్వొద్దని ఈమధ్యే ఆర్డరొచ్చింది. అప్పుడే చెప్పి ఉంటే ఈపాటికి వెళ్ళిపోయేదానివి” అన్నారు.

తిరుగు రైల్లో వచ్చి ఆమదాలవలస స్టేషన్లో దిగేటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని, “పోన్లేయే, ఆడే వస్తాడు” అంది.

వచ్చారు. కుదురుకున్న బతుకంతా అక్కడే వదిలేసి వచ్చి, సాలూరులో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేదేమో. ఓసారి నేనే అడిగేశాను, నా మూలానే కదూ అని. “ఒసే, ఆ ఊరి నీళ్ళే నాకు పడనేదు. నువ్వు రాకపోడమే మంచిదైనాది” అన్నారు. ఆ సాయంత్రమే కొట్లో ఎవరికో చీర కొలుస్తూ గజంబద్ద పక్కన పెట్టేసి, రంగూన్‌లో వాన వెలిసిన వేళ వీధులెలా ఉంటాయో చెబుతున్నారు. బేరం సంగతే మర్చిపోయారు. కొట్టుకీ ఇంటికీ మధ్య కట్టిన తెర వెనక నిలబడి అంతా విన్నాను.

ఇప్పుడు ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల గుర్తొస్తే దాన్ని తిట్టబుద్ధి కాదు. మొగుడు నూరేళ్ళు బతకాలనే కదా, పాపం, పళ్ళు బిగించుకుని కూర్చుంది! నవ్వొస్తుంది. నవ్వు తగ్గాక, నేనెన్నడూ చూడని ఆ మేడ మీది రెండు గదుల్లో మనసులోనే కాసేపు తిరిగొస్తాను.