మోకాళ్ళకు చెవుల్లేవన్న మామ

మామ పోయాడన్న కబురు, ఒకరు వచ్చి నా చెవిలోంచి ప్లగ్గు పీకితే గాని నాకు అందలేదు. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీలు దూసుకెళ్తున్నప్పుడు ఫోను మోగినా వినబడదు. నా పక్కన పనిచేసే బావ భుజం తట్టి, ఒక చెవిలోది లాగి, "మీ మావ ఎల్లిపోయాడంటరా, అత్త ఫోన్ సేసింది" అన్నాడు. నేను "ఆఁ?" అన్నాను. నిజంగానే వినబడలేదనుకుని పాపం రెండో చెవిలోది కూడా పీకాడు.

మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి టీ వేళకి లేవలేదు. అంతే. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఏ ఆస్పత్రి గుమ్మమూ ఎక్కలేదు. మంచిగానే పోయాడు. నాకు కోపం ఆయన పోయినందుకు కాదు, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన గురించి పెట్టిన ముక్కకి. "ప్రముఖ గిటారిస్టు" అని రాసి, పక్కన ఎవరిదో ఆరు తీగల గిటారు బొమ్మ అతికించారు. మామ గిటారిస్టు కాదు. ఆయన వాయించింది బేస్ గిటారు. నాలుగు లావు తీగలు. పాటలో అది మోగుతున్నంతసేపూ ఎవడూ పట్టించుకోడు. ఒకసారి ఆపి చూడండి, గుంజ ఊడిన పందిరిలా పాట ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఇన్నేళ్ళు గాజువాక పెళ్ళిళ్ళలో డాన్సులు చేసినవాళ్ళకి, తమ కాళ్ళని ఆడించింది ఎవరో పోయాకైనా తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మేం అద్దెకుండే వరుస ఇళ్ళలో పక్క వాటా. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాతో సబ్బవరం, తగరపువలస, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వెళ్ళేవాడు. బేస్ బరువుకి భుజం నొప్పెట్టకుండా, సరుకులెత్తే పాత బెల్టు ముక్క కోసి దాన్నే పట్టీగా కుట్టించుకున్నాడు. "టన్నులు మోసిన బెల్టిది. నా గిటారొక లెక్కా?" అనేవాడు.

ఆ క్రేను ఇంజను పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని ఆయన చెవులు సగం పాడుచేసుకున్నాడు. సన్నని చప్పుళ్ళన్నీ పోయాయి. సైకిలు బెల్లు, ఫోను, పిచ్చుకలు, కుక్కరు విజిలు, ఒక్కటీ వినబడేది కాదు. అత్త బజారుకి వెళ్తూ కుక్కరు అప్పజెప్పిందంటే ఆ రోజు వరుస ఇళ్ళన్నిటికీ మాడిన పప్పు వాసనే. లావు చప్పుళ్ళు మాత్రం మిగిలాయి. ఉరుము, లారీ, ఓడ కూత, బేస్. "ఒగ్గెయ్‌రా అల్లుడా. నాకు కావలసినయి దేవుడు ఉంచాడు. మిగతాయి మీ అత్త సూసుకుంటాది" అని నవ్వేవాడు.

వీధిలో అందరూ ఆయనతో అరిచి మాట్లాడేవారు. అరిచేకొద్దీ గొంతు సన్నబడుతుంది, సన్నబడేకొద్దీ ఆయనకి వినబడదు, మళ్ళీ అరుస్తారు. చూస్తే ఒళ్ళు మండేది. అత్త ఒక్కతే అరిచేది కాదు. దగ్గరకొచ్చి, గొంతు కిందికి దించి, పొట్టలోంచి మాట తీసినట్టు మెల్లగా అనేది: "ఏటయ్యా, అన్నం ఎట్టీమంటావా?" టక్కున తలూపేవాడు. మొదటిసారి చీకటి వరండాలో ఆ గొంతు విని, ఎవరో మగమనిషి వచ్చాడనుకుని నేను లేచి నిలబడ్డాను. "కూకో, నానేలే" అంది అత్త, అదే గొంతుతో.

నేను ఫోనులో వీడియోలు చూసి బేస్ నేర్చుకున్నవాణ్ణి. సెకండ్‌హాండ్‌ది కొని, మిల్లు మీద కోపమంతా తీగల మీద చూపించేవాణ్ణి. ఒకరోజు మామ వాటాలోంచి వింత వాసనొస్తే వెళ్ళాను. పొయ్యి మీద గిన్నెలో ఏదో కుతకుతలాడుతోంది. అత్త గరిటె పట్టుకుని నిలబడింది.

"సేపల పులుసా అత్తా?"

"సేపలా? ఇయాల మీ మావకి తీగల పులుసు. నా గిన్నె, నా గేసు, ఈడి గిటారు తీగలు. తింటావేటి, ఎయ్యనా?"

తీగలు వాడేకొద్దీ వేళ్ళ జిడ్డు పట్టి మొద్దుబారతాయి. కొత్తవి కొనే బదులు వేడినీళ్ళలో మరిగించి, బట్టతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి ఎక్కిస్తే కొన్నాళ్ళు మళ్ళీ కంగున మోగుతాయి. ఆ పని చేసి, మామ తీగ మీటి నా మొహంలోకి చూశాడు.

"ఎలగుంది? కంచు మోగినట్టుందా, దుప్పట్లో కొట్టినట్టుందా?"

"కంచు మోతే మావా."

"అయితే కూర ఉడికింది" అన్నాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు. తీగ మోతలో అడుగు ఆయనకి అందుతుంది, పైన ఉండే మెరుపు అందదు. "నాకో సెవి కావాల. నీది ఖాళీగానే ఉందిగా? నువ్వు నాకు ఇని పెట్టు, నాను నీకు వాయించడం నేర్పుతాను."

అదీ మా ఒప్పందం. ఆయనకి నా చెవి, నాకు ఆయన వేళ్ళు.

మొదటి పాఠమే తిట్టు. నేను వాయించింది కాసేపు విని, "ఒరే, ఆ తీగ నీకేటన్నాయం సేసింది?" అన్నాడు. గట్టిగా కొడితే తీగ కిందున్న ఇనప మెట్లకి, ఫ్రెట్లకి, తగిలి గరగరలాడుతుంది, స్వరం పలకదు. రెండు వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి, నడిచినట్టు, తేలిగ్గా వెయ్యాలి. మోత పెంచే పని ఆంప్‌ది, ఆ స్పీకరు పెట్టెది. ఎడమచెయ్యి మోగాల్సిన తీగని నొక్కడమే కాదు, మోగకూడనివాటిని మూసి ఉంచాలి కూడా. "సగం వాయించడం, సగం నోరు ముయ్యడం. రెండోది నీకు కట్టం" అన్నాడు. నిజమే, ఇప్పటికీ కష్టమే.

సబ్బవరంలో ఒక పెళ్ళికి ఆయన ముంజేతికి కట్టు ఉందని నన్ను వాయించమన్నాడు. నా బేస్ నాకే వినబడలేదు. ఆంప్ పెంచాను. డ్రమ్ము వాయించేవాడు పెంచాడు. కీబోర్డువాడూ పెంచాడు. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి, నమిలేస్తానన్నట్టు చూసింది. మామ కుర్చీల్లోంచి లేచి స్టేజీ ఎక్కాడు. నా కాళ్ళ దగ్గరున్న ఆంప్‌ని తీయించి ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టించాడు, ముందు వైపు కింద ఇటికముక్క దోపి దాని మొహం పైకి తిప్పాడు, మోత సగానికి తగ్గించాడు. ప్రతి స్వరం నా చెవిలో వచ్చి కూర్చుంది.

"మోకాళ్ళకి సెవుల్లేవురా" అన్నాడు కిందికి దిగుతూ.

ఇంక ఆయన శ్రుతి చేసుకునే తీరు చెప్పకపోతే ఆయన్ని చెప్పినట్టే కాదు. పక్క వీధి డీజే బాక్సులు గుండెలదరగొడుతుంటే, మామ బేస్‌ని పైకెత్తి దాని కొమ్ము లాంటి అంచుకి గడ్డం ఆనించేవాడు. తీగ మీటితే మోత చెక్కలోంచి దవడ ఎముకలోకి, అక్కడినుంచి తిన్నగా చెవిలోపలికి పోతుంది. బయట ఎంత గోలున్నా సరే. గోల మరీ ఎక్కువైతే పళ్ళు కూడా ఆనించేవాడు. తగరపువలసలో మైకు పట్టుకున్నవాడు అది చూసి, "ఇప్పుడు మన పెద్దాయన పళ్ళతో గిటారు వాయిస్తారు!" అని ప్రకటించేశాడు. జనం ఈలలు. మామకి ఈలలు వినబడవుగా. తాపీగా నాలుగు తీగలూ శ్రుతి చేసుకుని తలెత్తేసరికి పందిరంతా లేచి చప్పట్లు కొడుతోంది. "ఇంకా పాటే మొదలెట్టలేదు, ఈళ్ళకేటయ్యింది?" అన్నాడు నాతో.

నవ్వులు ఇలా సాగుతుండగా నా చెవిలోకి కీచురాయి చేరింది. పగలంతా మిల్లు, సాయంత్రం డ్రమ్ముల తాళాల పక్కన నిలబడి వాయించడం. ఒక పెళ్ళి తరవాత కుడిచెవిలో కీ... మని మొదలైంది, మర్నాటికీ పోలేదు, వారానికీ పోలేదు. మామకి చెప్పాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోవడం అప్పుడే చూశాను. చెవుల డాక్టరు దగ్గరికి ఆయనే లాక్కెళ్ళాడు. గాజుగదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను తగిలించి, చప్పుడు వినబడితే బటన్ నొక్కమంటారు. నాది అయ్యాక తనకీ చెయ్యమన్నాడు. లావు స్వరాలు రాగానే బటన్ మర్చిపోయి గొంతు కలిపాడు. "సార్, మీరు పాడకండి సార్, నొక్కండి" అని పరీక్ష చేసే పిల్ల ఒకటే నవ్వు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. నా చెవిలో పోయింది కొంచెమేననీ, పోయింది తిరిగి రాదనీ, ఇలాగే ఉంటే మిగిలింది కూడా పోతుందనీ చెప్పాడు. బస్సెక్కాక మామ అన్నాడు: "నా సెవులు నాను క్రేనులో ఒగ్గేసి వచ్చాను. ఇప్పుడు నీయే నాయి కూడాను. ఆటిని మిల్లులో పారెయ్యకు."

మర్నాడు నేను సూపర్‌వైజర్ని ప్లగ్గులడిగాను. "దూది ఎట్టుకోండ్రా, రాజుగారి బిడ్డలా?" అన్నాడు. నేను తిరగబడి అరిచాను. వాడు ఇంకా అరిచాడు. ఇంటికొచ్చి, రేపు కాలరు పట్టుకుంటానని మామ దగ్గర ఎగిరాను.

"దూది దీపానికిరా, సెవికి కాదు" అన్నాడు ముందు. తరవాత, "నువ్వు అరుత్తే నీ గొంతు పోద్ది, ఆడి సెవికేటవుద్ది? ఆడి గొంతు పోయేలా సెయ్యి. అందరూ ఒకే తాళంలో ఉండండి, సాలు."

అలాగే చేశాం. మర్నాడు పని ఆపలేదు, ప్రమాదం ఉన్నచోట చేతి సైగలు ఎప్పటిలాగే నడిచాయి. సూపర్‌వైజరు నోరు తెరిస్తే మాత్రం, కుర్రాడి నుంచి ముసలాడి దాకా, చెవి దగ్గర చెయ్యి పెట్టి ఒకటే మాట: "ఆఁ?"

"ఒరే, ఆ కడ్డీలు అటు పెట్టండ్రా!"

"ఆఁ?"

"కడ్డీలు!"

"వడ్డీలా సార్? ఎవరికి సార్?"

భోజనాల వేళకి వాడి గొంతు కప్పలా అయింది. సాయంత్రానికి అదీ లేదు, సైగలే. రెండు రోజులకి ప్లగ్గుల పెట్టె వచ్చింది. దాన్ని సరిగా పెట్టుకోవడం కూడా మామే నేర్పాడు. "బజ్జీలా పిసక్కు, అగరొత్తిలా సన్నగా నలుపు. రెండో సేత్తో సెవిని పైకి లాగి అప్పుడు తొయ్యి. ఉబ్బేదాకా ఏలు తియ్యకు." పెళ్ళిళ్ళలోనూ అవే పెట్టుకుంటున్నాను. కీచురాయి ఉంది గాని, పెరగలేదు. ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్ష చేయించాడు. పరీక్ష కాగితం మీద గీత కిందికి దిగలేదు. ఆ కాగితం పట్టుకుని వీధంతా, తనే పాసైనట్టు చూపించుకున్నాడు.

దినాలు అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అత్త నన్ను పిలిచింది. అదే గొంతు, కిందనుంచి.

"గొంతు లెగడం లేదురా అల్లుడా. ఇంకెవరి కోసం దించాల? అయినా లెగడం లేదు."

గోడకి ఆనించిన బేస్ చూపించింది. "ఇన్నాళ్ళూ ఈడు దీన్ని కొరుకుతంటే తిట్టాను. ఏటి ఇనీవోడో నాకు తెల్దు."

బేస్‌ని ఆవిడ ఒళ్ళో నిలబెట్టి, మామ గడ్డం తగిలి తగిలి రంగుపోయిన చోట గడ్డం ఆనించమన్నాను. సిగ్గుపడింది, చీర కొంగుతో ఆ అంచు తుడిచింది, ఆనించింది. నేను అన్నిటికన్నా లావు తీగని తేలిగ్గా, కోపం లేకుండా, ఒక్కసారి మీటాను.

అత్త కళ్ళు పెద్దవయ్యాయి. "ఓలమ్మ! నోట్లోనే మాటాడతందిరా!" అని నవ్వింది. కళ్ళు మూసుకుంది. చెక్క మీంచి గడ్డం తియ్యకుండానే, "మళ్ళీ" అంది.

మళ్ళీ మీటాను. వంటింట్లో కుక్కరు విజిలేసింది. కాసేపటికి ఇంకోటి. ఆ తరవాత మరొకటి. అత్త కదల్లేదు.