తలుపు కొట్టని పిల్ల

అరకు దగ్గర ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం పిల్లది ముంచింగిపుట్టు అవతల కొండమీది ఊరు. ఎవరి గదికెళ్లినా తలుపు కొట్టేది కాదు. బయట నిలబడి పేరు పెట్టి పిలిచేది.

మాకు పాఠంగా ఒక పాత కథ ఉండేది. ఇల్లు విడిచిపోయిన భర్త కోసం ఓ ఇల్లాలు ఏళ్లుగా ఎదురుచూస్తుంది. చివర్లో ఎవరో తలుపు కొడతారు. ఎవరన్నది రచయిత చెప్పడు. భర్తే వచ్చాడని తెలుగు సార్ గైడు చూసి రాయించారు. పరీక్షలో అందరం అదే దించాం. ఆ పిల్ల మాత్రం, 'భర్త అయితే పిలుస్తాడు, కొట్టింది ఎవరో పరాయివాళ్లు' అని రాసింది. సార్ సున్నా వేసి, ఆ జవాబు క్లాసులో పైకి చదివి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. రాసినవాడే తేల్చని సంగతి తేల్చడానికి ఈయనెవరు?

సాయంత్రం తను నన్ను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్లింది. మూసిన తలుపు ముందు నిలబడి "సార్" అని పిలిచింది.

ఆయన తలుపు తీసి, "తలుపు కొట్టాలని తెలీదా?" అని కసిరారు.

"మా ఊర్లో తలుపు కొట్టేది పోలీసోలే సార్," అంది తను, గొంతు పెంచకుండా. "మా నాన్నని తీసుకెల్లిన రోజు కూడా తలుపు కొట్టారు. అమ్మ తియ్యకుండా ఉంటే బాగున్ను."

ఆయన తలుపేసుకున్నారు. సున్నా మాత్రం దిద్దలేదు.