మా తాత చూడటం మానేశాడు

నా చిన్నప్పుడు మా పల్లెలో చెప్పులు రెండు రకాలు. కాళ్ళకు వేసుకునేవి, చేత్తో పట్టుకునేవి. రెండూ మా తాతే కుట్టేవాడు. పెద్దవీధిలో ఇళ్ళున్నవాళ్ళవి మొదటి రకం. ఊరికి దక్షిణాన, వాననీళ్ళు చివరికి చేరే చోట ఉండే మా పేటవాళ్ళు ఆ వీధిలో అడుగుపెట్టగానే రెండో రకానికి మారిపోవాలి. వీధి దాటాక మళ్ళీ తొడుక్కోవచ్చు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసినా చదవగలిగినవాళ్ళు మా పేటలో అప్పటికి లేరు కాబట్టి, ఆ శ్రమ ఎవరూ తీసుకోలేదనుకుంటాను.

చెప్పుల కొలతకూ ఒక పద్ధతి ఉండేది. వాళ్ళ కాలు మా తాత ముట్టుకోకూడదు. అందుకని నేల మీద బూడిద చల్లేవాడు. వాళ్ళు దాని మీద అడుగు వేసి పక్కకు జరిగితే, ఆ గుర్తును జానతో కొలుచుకునేవాడు. ముప్పై ఏళ్ళు అలా కొలిచి కొలిచి ఆ వీధిలోని ప్రతి పాదమూ ఆయనకు బంధువైపోయింది. అందులో పెద్దింటాయన కుడికాలు మరీ ముఖ్యం. దాని బొటనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చునేది. చిత్తూరు అంగళ్ళలో ఏ చెప్పూ ఆ కాలికి పట్టేది కాదు.

నేను ఐదో తరగతి పాసయ్యాక పూతలపట్టు హైస్కూల్లో చేర్చారు. మా పల్లె నుంచి మైలున్నర. దారి పెద్దవీధి గుండానే పోతుంది, ఇంకో దారి లేదు. మా తాత నాకూ ఒక జత కుట్టాడు. వీధి మొదట్లో విప్పి కుడిచేత పట్టుకోవాలి, ఎడమచేత పుస్తకాలు, వీధి చివర వేసుకోవాలి. రెండు నెలలు తప్పులేకుండా చేశాను. ఒకరోజు పదమూడో ఎక్కం వల్లించుకుంటూ వెళుతున్నాను. పదమూడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయి తలెత్తితే, వీధి సగం అయిపోయింది, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. వెనక్కి ఎంత దూరమో ముందుకూ అంతే. పరిగెత్తాను.

సాయంత్రం మా తాతను పిలిపించారు. నా చెప్పులు ఆయన నెత్తిన పెట్టి, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవమన్నారు. నన్ను అరుగు పక్కన నిలబెట్టి చూడమన్నారు. చిన్న చెప్పులు కదా, తలమీద కుదురుగా నిలవలేదు. రెండుసార్లు జారిపడ్డాయి. రెండుసార్లూ ఆయనే వంగి తీసి పెట్టుకున్నాడు. చుట్టూ నిలబడి నవ్వినవాళ్ళ కాళ్ళకున్నవి కూడా ఆయన కుట్టినవే. చివర్లో, ఆ పిల్ల మళ్ళీ ఈ దారిన కనపడకూడదని చెప్పి పంపేశారు. అంటే నా చదువు ఆరో తరగతిలో, పదమూడో ఎక్కం దగ్గర ముగిసిందన్నమాట.

మూడు రోజులు మా తాత తోలు ముట్టలేదు. నాలుగో రోజు లేస్తూనే, కండ్లు కనపడటం లేదన్నాడు. మా అవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది. పేటంతా వచ్చి చూసింది, పెద్దవీధి దాకా కబురు పోయింది. ఆయన అవ్వకు ముందే అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. కానీ చెప్పి ఉంటే ఆమె అంత బాగా ఏడ్చేది కాదు.

మర్నాడు పొద్దున నా భుజం మీద చెయ్యి వేసుకుని బయలుదేరాడు. ఆయన కాళ్ళకు చెప్పులు, నా కాళ్ళకూ చెప్పులు. పెద్దింటాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏమిరా, ఆ పొద్దు నెత్తిన మోసింది సాల్లేదా? ఇద్దరూ ఏసుకోనే వస్తా ఉండారే!”

“కండ్లు పొయినాయి సామీ. ముల్లేదో రాయేదో తెలీడంల్యా. పూతలపట్లో దినామూ మందు ఏపించుకోవల్ల,” అన్నాడు తాత, ఆయనకు రెండు మూరల పక్కగా ఉన్న స్తంభంతో.

“నీకు పొయినాయి సరే. ఈ దావన రావద్దన్న పిల్ల, దానికేమొచ్చింది?”

“దాని కాల్లో ముల్లు ఇరిగితే నన్ను నడిపిచ్చేదెవురు సామీ? మీ గుమ్మంలోనే కూలబడతా. మల్లా మీరే ఎత్తల్ల.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కో అడుగు వెనక్కి జరిగారు. మా తాతను ఎత్తడమనే విషయం అందరూ మనసులో ఊహించుకుంటున్నట్టున్నారు.

“మరి సెప్పులు కుట్టేదానికి కండ్లు వద్దా?” అన్నాడు పెద్దింటాయన, గొంతు కొంచెం తగ్గించి.

“మీ కాలు నా సేతులకు గుర్తుండాది సామీ. ఆ బొటనేలు మర్సిపొయ్యేదా?”

ఆయన ఒకసారి తన కాలివైపు చూసుకున్నాడు. “పో, పో” అన్నాడు.

ఊరు దాటాక చెరుకుతోటలు, ఆ తర్వాత మామిడితోపు. అక్కడ మనుషులుండరు. తోపులోకి రాగానే భుజం మీది చెయ్యి తీసేసి, దూరంగా గుట్టవైపు చూపించాడు. “మే, ఆడ మేకలెన్ని ఉండాయి?”

“అయిదు, తాతా.”

“ఏడు. రెండు బండ సాటున ఉండాయి. కండ్లుండి ఏం లాభం మే నీకు?”

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయనకు చూపు ఉన్నందుకు కాదు.

ఊరివాళ్ళు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. వారం తిరక్కముందే పెద్దింటాయన తమ్ముడు నన్ను ఏదో నెపంతో పక్కకు పిలిచాడు. మా తాత ఒక్కడే వస్తుంటే, చప్పుడు చేయకుండా ఒక కాడిమాను దారికి అడ్డంగా పెట్టించాడు. తాత దాన్ని చూశాడని నాకు తెలుసు. ఆయన చూశాడని నాకు తెలుసన్నది ఆయనకూ తెలుసు. నడక వేగం తగ్గించలేదు. మా తాత చాలా బాగా పడ్డాడు. ముందుపళ్ళు రెండు పోయాయి. ఆ రోజు నుంచి ఊరంతా నమ్మింది.

అలా నేను మళ్ళీ బడికి పోయాను. నేను బడిలో ఉన్నంతసేపూ ఆయన పూతలపట్టు కూడలిలో గోనెపట్టా పరుచుకుని, కళ్ళు మూసుకుని చెప్పులు కుట్టేవాడు. అక్కడికీ మా ఊరివాళ్ళు వచ్చిపోతుండేవాళ్ళు. తోలుకు చిల్లులు పొడిచే ఆరె గుచ్చుకుని వేళ్ళు రక్తాలు కారేవి. ఇంట్లోనూ తలుపు వేసుకున్నాకే కళ్ళు తెరిచేవాడు. ఆరుబయట ఆయనకు చూడటానికి మిగిలింది ఆ మామిడితోపు ఒక్కటే, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఆ కాస్త దూరం మేము చాలా నెమ్మదిగా నడిచేవాళ్ళం.

మూడో ఏడు మా పేట నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు మా వెనక బయలుదేరారు. ఒకతె తాత తోలుసంచి మోసేది, ఇంకొకతె నీళ్ళచెంబు. గుడ్డివాడి పరివారం కాబట్టి వాళ్ళకూ ముల్లు గుచ్చుకోకూడదు. తర్వాత పరివారం పెరిగింది. ఒక మనిషికి అంతమంది ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవీధిలో చెప్పులు చేత పట్టుకునే పద్ధతిని ఎవరూ రద్దు చేయలేదు. కొన్నాళ్ళకు అది ఎవరికీ గుర్తు రాకుండా పోయింది, అంతే.

పదో తరగతిలో నాకు బడి మొత్తంలో మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద పెద్దింటాయనా ఉన్నాడు. మా ఊరివాళ్ళు ముందు వరసల్లో ఉన్నారు. వెనక, నేల మీద మా తాత. నా పేరు పిలిచారు, మెడలో పతకం వేశారు. నేను ఆయనకేసే చూశాను. ఆయన నీళ్ళతొట్టివైపు చూస్తున్నాడు. అందరూ చప్పట్లు కొట్టాక, ఆ చప్పుడు విని, ఒక క్షణం ఆలస్యంగా ఆయనా కొట్టాడు. అంత గట్టిగా మెడ బిగపట్టుకుని ఒక మనిషి ఒక తొట్టిని చూడటం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు తోపులో కూడా ఊరివాళ్ళు మాతోనే నడిచారు.

ఇంటికి రాగానే తలుపు వేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “ఇంగ నడువు మే. ఆడ ఎట్ల నడిస్తివో అట్లే.” మా గుడిసె ఆ చివరికి నాలుగడుగులు, ఈ చివరికి నాలుగడుగులు. పతకం వేసుకుని నడిచాను. చాలాసార్లు నడిపించాడు.

ఒకసారి అడిగాను, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు కదా, కళ్ళు వచ్చాయని చెప్పరాదా అని. “వచ్చినాయంటే పోలేదని తేలిపోతాది. వెనకాల వచ్చే పిల్లకాయలకు దావ మూస్తే?” అన్నాడు. గుడ్డివాడిగానే పోయాడు. పెద్దవీధివాళ్ళు కూడా వచ్చి, పాపం చూపు లేకపోయినా బాగా కుట్టేవాడని అన్నారు. అవునన్నాను.

తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పుడప్పుడూ ఎవరో పిలిచి శాలువా కప్పుతుంటారు. ఎండాకాలమైనా నేను దాన్ని తీయకుండానే ఆటో ఎక్కుతాను, ఆటో అతను అద్దంలోంచి వింతగా చూస్తాడు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని, హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగుసార్లు నడుస్తాను. ఆ తర్వాతే మడిచి పెడతాను.