మా బావి ఘనపరిమాణం

ఎనిమిదో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన సారు షాద్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పాఠం మధ్యలో విమానం దిగితే సుద్దముక్క పట్టుకున్న చెయ్యిని అలాగే గాలిలో ఆపి, మోత పోయేదాకా నిలబడి, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. విమానాశ్రయం తెరిచి అప్పటికి ఏడాది దాటింది. తొండుపల్లి పక్కన ఉన్న మా ఊళ్లో పశువులు కూడా ఆ మోతకు తలెత్తడం మానేశాయి. సారుకు మాత్రం అలవాటు కాలేదు.

ముందు వృత్తాలు చెప్పారు. ఇంటి నుంచి గుండ్రటి వస్తువులు తెమ్మంటే గాజులు, పళ్లేలు, డబ్బా మూతలు పట్టుకుపోయాం. చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి, వచ్చినదాన్ని అడ్డం కొలతతో భాగిస్తే ప్రతిసారీ మూడు కన్నా కాస్త ఎక్కువ వచ్చేది. నా గాజుకూ, మా అమ్మ అన్నం వార్చే మూతకూ ఒకటే జవాబు రావడం నాకు ఎంతో నచ్చింది. తర్వాత పట్టకాలు. సుద్దపెట్టె, ఇటుక, తరగతి గది కూడా పట్టకమేనన్నారు. ఆ తర్వాత స్థూపం వచ్చింది.

"ఒక వృత్తం మీద ఇంకో వృత్తం, దాని మీద ఇంకోటి, గట్ల పేర్చుకుంట పోతే స్థూపమైతది" అన్నారు సారు. చూపించడానికి బడిలో నీళ్ల డ్రమ్ము ఒక్కటే ఉంది, దానికీ సొట్టలు. "మీలో ఎవరి పొలంలనన్న గుండ్రటి బావి ఉన్నదా?" అని అడిగారు.

నేను చెయ్యెత్తాను.

ఆ సాయంత్రం బాపుతో చెప్పాను. బాపు అరుగు మీద కూర్చొని కాళ్లు కడుక్కుంటున్నాడు. మా నానమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ పక్కనే కూర్చొని చాటలో కందులు ఏరుతోంది.

"బావి కాడికా? ఎందుకు?" అన్నాడు బాపు.

"కొలుస్తరంట."

"కొలిచి ఏం జేస్తరు?"

"ఎన్ని నీళ్లు పడతయో లెక్క జేస్తం బాపూ."

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ చాట తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. బాపు, "సరే. గట్టు మీదికి ఎవ్వరు ఎక్కొద్దని జెప్పు. తూర్పు దిక్కు అసలే పోవద్దు" అన్నాడు.

తూర్పు దిక్కు ఎందుకు వద్దో నేను అడగలేదు. ఆ వైపు తుమ్మముళ్లు ఉండేవి, అందుకేననుకున్నాను.

మర్నాడు క్లాసంతా వరుసలో పొలం గట్ల మీద నడిచి వెళ్లాం. మా బావికి పైన రాతికట్టు, దాని చుట్టూ మోకాలెత్తు గట్టు. బోర్లు పడ్డాక నీళ్లు చాలా కిందికి పోయాయి. సారు తాడు తెప్పించి గట్టు లోపలి అంచు వెంబడి కొలిపించారు. చుట్టుకొలత నలభై నాలుగు అడుగులు. "అడ్డం ఎంత?" అన్నారు. అందరికంటే ముందు నేనే పద్నాలుగు అని అరిచాను. లోతుకు తాడు చివర రాయి కట్టి వదిలారు. రాయి నీళ్లను తాకిన చప్పుడు పైకి రావడానికి కాస్త సమయం పట్టింది. అదే సమయంలో ఒక విమానం నీడ బావి మూతి మీదుగా జారిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాడు అడుగుకు ఆనింది. నలభై అడుగులు.

అప్పుడు చూశాను, అవ్వ వచ్చి ఉంది. చెప్పుల్లేకుండా, కొంగు నెత్తిన వేసుకొని, పిల్లలకూ బావికీ మధ్యలో నిలబడింది. ఎప్పుడు వచ్చిందో ఎవరం చూడలేదు.

"పైన ఎంత గుండ్రంగ ఉన్నదో అడుగున గూడ అంతే ఉన్నదనుకుందాం" అని సారు అంటుంటే అవ్వ ఆయన ముఖం వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. కాని "పిల్లలను జర ఎనకకు జరుపు సారూ" అని మాత్రమే అంది.

ఘనపరిమాణం ఆరువేల నూట అరవై ఘనపుటడుగులు వచ్చింది. అప్పట్లో మా ఊరి రోడ్డు మీద పొద్దంతా టిప్పర్లు తిరిగేవి. సారు ఒక టిప్పర్‌ను ఆపి దాని తొట్టిని కూడా కొలిపించారు. అది పట్టకం. పొడవు పదకొండు, వెడల్పు ఏడు, ఎత్తు నాలుగు. "ఈ బావి నింపాలంటే ఎన్ని టిప్పర్లు గావాలె?" అన్నారు. ఆయన సరదాకే అడిగారు. సరిగ్గా ఇరవై వచ్చింది. శేషం లేకుండా వచ్చిందని సారు ఎంత సంబరపడ్డారో.

ఆ మరుసటి ఎండాకాలం మా పొలం అమ్మేశాం. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే అమ్మేశారు. మా ఒక్క చెలక మిగిలి, దానికి దారి కూడా లేకుండా పోయింది. కొన్నవాళ్లు ప్లాట్లు చేయడానికి ముందు బావి పూడ్చే పని పెట్టుకున్నారు. గగన్‌పహాడ్ వైపు కూల్చిన గోడల ఇటుకముక్కలూ మట్టీ టిప్పర్లలో వచ్చేవి. చూడ్డానికి నేను వెళ్లాను. ఇరవై అనే జవాబు నిజంగా జరగబోతోందని నాకు ఆత్రం. బాపు కూడా వచ్చాడు కాని దూరంగా, బావికి వీపు పెట్టి నిలబడ్డాడు.

మొదటి టిప్పర్ తొట్టి ఎత్తినప్పుడు బావిలోంచి ఒక పెద్ద గాలి పైకి వచ్చింది. తడిమట్టి వాసనతో ఉన్న ఆ గాలి నా ముఖానికి తగిలింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి పోస్తూనే ఉన్నారు. ఇరవయ్యోది పోసినప్పుడు గట్టు దగ్గరికి పోయి తొంగి చూశాను. బావి ఇంకా తెరుచుకునే ఉంది. మనిషి నిలబడితే మునిగిపోయేటంత లోతు.

"ఏందన్నా ఇది, ఎంత పోసినా దిగుతనే ఉన్నది?" అని డ్రైవర్ బాపును పిలిచి అడిగాడు. బాపు వెనక్కి తిరగలేదు.

మర్నాడు కూడా టిప్పర్లు వచ్చాయి. నేను మళ్లీ వెళ్లలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు బాపును అడిగాను. "మా లెక్క తప్పైందా బాపూ?"

బాపు చాలాసేపు కంచంలో అన్నం కలుపుతూ కూర్చున్నాడు. అమ్మ నన్ను కళ్లతోనే వారించింది. కాని బాపు చెప్పాడు.

"మీ చిన్నాయన జరమొచ్చి పోయిండని జెప్పినం గదా నీకు. జరం గాదు బిడ్డా. కరువొచ్చిన ఏడు బావిల నీళ్లు లేకపాయె. పూడిక తీద్దామని ఇద్దరం దిగినం. నేను గంప పట్టుకొని పైకొచ్చిన. వాడు లోపలున్నడు. రాతికట్టు కింద తూర్పు దిక్కు మొరమంత ఒక్కసారి ఇరిగి పడ్డది."

"మరి చిన్నాయన?"

"తెల్లారి తీసినం. మీద పడ్డ మన్నంత తోడి బైట పోసినం. అది ఇరిగిన కాడ లోపల పెద్ద గుహ లెక్క అయ్యింది. నీళ్లొచ్చినంక మునిగిపాయె, పైకెల్లి చూస్తే కానరాదు. మీ సారుకేం ఎరుక."

లోపల గదిలో అవ్వ పడుకొని ఉంది. నిద్రపోలేదని ఆమె గాజుల చప్పుడును బట్టి తెలిసింది. ప్రతి ఏటా పెద్దల అమావాస్య పెత్రామాసకు అవ్వ విస్తరిలో అన్నం, పప్పు, బెల్లం పెట్టుకొని పొలానికి పోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పెద్దలకు పెట్టడానికి అనుకునేదాన్ని. ఆమె పెట్టింది పద్దెనిమిదేళ్ల కొడుక్కని ఆ పూట అర్థమైంది.

ఆ తర్వాత నాకు లెక్కల్లో స్థూపం గీయడం కష్టమైంది. పైన ఒక వృత్తం, కింద ఒక వృత్తం, రెండు నిలువు గీతలు. కుడివైపు గీత గీసేటప్పుడు చెయ్యి ఆగేది. ఆ గీతకు అవతల చీకట్లో ఒకడు ఒంగి కూర్చొని ఉన్నట్టు, గీత గీస్తే దారి మూసేసినట్టు అనిపించేది. పదో తరగతి పరీక్షలో స్థూపం లెక్క వస్తే దాన్ని వదిలి ఇంకో ప్రశ్న రాసుకున్నాను.

పూడ్చిన బావి కూడా ఊరుకోలేదు. వానలు పడగానే ఆ చోట మట్టి కుంగి గుండ్రటి గుంట ఏర్పడింది. మళ్లీ మట్టి పోశారు. మరుసటి వానకు మళ్లీ కుంగింది. అవ్వ అది చూసి వచ్చి, "వానికి ఊపిరాడుతలేదు" అని కూర్చుంది. బాపు కోపంతో లేచాడు. "అవ్వా, వాన్ని మనమే గదా మోసుకపోయి కాలబెట్టినం. ఆడ ఎవ్వడు లేడు" అన్నాడు. మా అందరిలో ఆమె ఒక్కతే బాపు మాట నమ్మలేదనుకున్నాను. తర్వాత చాలాసార్లు గమనించాను, బాపు కూడా ఆ దారిన పోవడం మానేశాడు.

నేను ఇంటర్ చదివేటప్పటికి అక్కడ ఇల్లు లేచింది. కట్టుకున్నాయనకు విమానాశ్రయంలో ఉద్యోగం, వాళ్లది గుంటూరు వైపు. చిన్న పాప. ఒక మధ్యాహ్నం ఆ ఇంటావిడ మా గుమ్మంలోకి వచ్చింది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఏమనుకోకండి. మీ మామ్మగారు మా ప్రహరీ పక్కన విస్తట్లో అన్నం పెట్టి వెళ్లారండీ. పసుపూ కుంకుమా కూడా చల్లారు. పోయినేడు ఇల్లు కడుతున్నప్పుడూ ఇలాగే పెట్టారని మేస్త్రి చెప్పాడు. మాకు చంటిపిల్ల ఉంది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదండీ."

చేతబడి అనుకుంటోందని అర్థమైంది. ఇంట్లో అమ్మా నేనే ఉన్నాం. అమ్మ తల దించుకుంది. నేనే ఆవిడతో వాళ్లింటికి నడిచాను. దారిలో మొత్తం చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"బావా? మా ఇంటి కిందా?"

"అవునక్కా."

"ఎక్కడ?"

రోడ్డు మూలన మా పాత హద్దురాయి ఇంకా ఉంది. దాని దగ్గర నిలబడి చూశాను. ఇల్లు లేనట్టు అనుకుంటే అంతా కళ్ల ముందుకు వచ్చింది. వెనక గది మూలను చూపించాను. ఆవిడ లోపలికి తీసుకెళ్లింది. ఆ మూలన నేలమీద మడమతో కొట్టి చూపించింది. గదంతా ఒక శబ్దం, ఆ నాలుగు పలకలు వేరే శబ్దం.

"రెండుసార్లు ఊడాయండీ. రెండుసార్లూ వేయించాం. పాప ఉయ్యాల ఇక్కడే కట్టాను" అంది.

ఆ వారంలోనే వాళ్లాయన ఇంజనీరును పిలిపించాడు. పలకలు తీయించి, కింద ఖాళీ ఉన్నంత మేర కాంక్రీటు పోయించారు. పునాది గట్టిదే, భయం లేదని ఇంజనీరు అన్నాడట. ఆవిడ మాత్రం ఉయ్యాలను ముందు గదిలోకి మార్చేసింది. మాతో గొడవ పడుతుందని, అవ్వను అటు రానివ్వొద్దంటుందని బాపు భయపడ్డాడు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి ఏడు పెత్రామాస ముందురోజు నన్ను రోడ్డు మీద ఆపి, "రేపు మామ్మగారిని లోపలికే తీసుకురా అమ్మా. గోడ పక్కన కుక్కలు తినేస్తున్నాయి" అంది.

అవ్వకు అప్పటికి నడక తగ్గింది. నా భుజం పట్టుకొని వచ్చింది. గడప దగ్గర ఆగి, కొత్తవాళ్ల ఇల్లు కదా అని కాళ్లు కడుక్కుంటానంది. ఆవిడే చెంబుతో నీళ్లు పోసింది. వెనక గదిలో మూల చూపిస్తే అవ్వ నెమ్మదిగా కింద కూర్చొని, విస్తరి పెట్టి, పలక మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత, పక్కింట్లో ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను ఏటేట వచ్చిన కొడుకా. గోడ అడ్డముండె. ఇయ్యాల తలుపు తీసిండ్రు. తిను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపు రాలేదు. అవ్వ చెయ్యి ఉన్న చోటినే చూస్తూ నిలబడ్డాను. కింద అంతా కాంక్రీటు అని తెలుసు. అయినా ఆ చెయ్యి పైకి లేస్తే దాని కింద ఏం కనిపిస్తుందోనని చూపు తిప్పలేకపోయాను. చెయ్యి తీసింది. తడి గుర్తు, అంతే.

అవ్వ ఆ చలికాలం దాటలేదు. 2014లో పెత్రామాసకు అవ్వ బదులు నేను విస్తరి పట్టుకొని వెళ్లాను. బాపు రానన్నాడు. వెనక గదిలో ఆ పాప నేల మీద బోర్లా పడుకొని బలపంతో రాతపలక మీద సున్నాలు దిద్దుతోంది. నాలుగేళ్లుంటాయేమో. నేను అన్నం పెడుతుంటే లేచి కూర్చొని చూసింది. వాళ్లమ్మ ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు.

"ఇక్కడ బావి ఉండేదటగా?" అంది.

"ఉండేది."

"అందులో మామయ్య పడిపోయాడటగా? ఆయనకి ఈత రాదా?"

ఎవరూ ఇంతవరకు నన్ను అడగని ప్రశ్న అది. నేనూ బాపును అడగలేదు.

"వచ్చు, బాగా వచ్చని మా అవ్వ చెప్పేది. కాని అప్పుడు బావిలో నీళ్లు లేవు" అన్నాను.

పాప కాసేపు నేల వైపు చూసింది. తర్వాత పలక తీసుకొని నా పక్కకు జరిగి కూర్చుంది. విస్తరి ముందు ఇద్దరం అలాగే ఉండిపోయాం.