శరణప్పగారి పొదకు నీళ్ళు పోయకండి

మొన్న పొద్దున ప్రార్థన గంట మోగలేదు. ప్యూన్ మహబూబ్ సుత్తి చేతిలో పట్టుకుని గంట కింద ఊరకే నిలబడి ఉన్నాడు. అడిగితే, "శరణప్ప సార్ పోయిన్రు. బీదర్ దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది" అన్నాడు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన బడి గేటు దగ్గర వంగి, జూనిపర్ పొద మొదట్లో వేలు గుచ్చి తడి చూస్తూ, ఎవరినో తిడుతున్నారు. అంత ఓపికగా తిట్టిన మనిషి తెల్లవారేసరికి లేడంటే ఎవరు నమ్ముతారు? దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. నిన్నటి సంతాపసభ చూశాక ఆ కోపం రెట్టింపైంది.

కీర్తిశేషులు శరణప్పగారు మా జహీరాబాదు ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయులు. ఇంట్లో కన్నడం, చదువు ఉర్దూలో, పాఠం తెలుగులో. ఆయనకు మూడు భాషల్లోనూ కోపం వచ్చేది. నేను అదే బడిలో డ్రాయింగు మాస్టర్ని. కొన్నేళ్ళ కిందట కొత్త గదుల ప్రారంభోత్సవానికి ఒక మంత్రిగారు వస్తున్నారని, శోభ కోసం హైదరాబాదు నుంచి లారీలో నాలుగు జూనిపర్ మొక్కలు తెప్పించి గేటుకు ఇరువైపులా నాటారు. మంత్రిగారు దండలు వేయించుకుని వెళ్ళిపోయారు. సూదుల్లాంటి ఆకులున్న ఆ చలిదేశపు మొక్కలు మా ఎండలో మిగిలిపోయాయి. ఊరు వాటికి మంత్రి చెట్లని పేరు పెట్టింది.

ఏడాది తిరిగేసరికి అవి ఎర్రబడసాగాయి. ఆకు ఎర్రబడితే మన ఊళ్ళో ఒకటే మందు, నీళ్ళు. పిల్లలు టిఫిను గిన్నెలు అక్కడే కడిగారు. మహబూబ్ బిందెలతో పోశాడు. దారిన పోయే పెద్దమనుషులు పుణ్యమని చెంబెడు పోశారు. పోసినకొద్దీ అవి మరింత మాడాయి.

ఆ రోజుల్లోనే తనిఖీ వచ్చిపడింది. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "జర ఆకుపచ్చ రంగు కలిపి కొట్టున్రి మాస్టర్. ఇన్‌స్పెక్టర్ దూరంకెల్లే చూస్తడు" అన్నారు. నేను రంగు డబ్బాతో బయటికి వచ్చేసరికి గేటు దగ్గర శరణప్పగారు ఉన్నారు. సంగతి విని, డబ్బా నా చేతిలోంచి తీసుకుపోయి హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టారు. "జరమొచ్చిన పిల్లకు పౌడర్ కొట్టి పెండ్లిచూపులల్ల కూసోబెడ్తరా సార్?" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన చేసిన రోగనిదానం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మాడడం ఎక్కడ మొదలైందో ముందు చూశారు. పొద లోపలి పాత ఆకులు మాత్రమే ఎర్రబడితే అది వయోధర్మం, భయం లేదు. కొసలు మాత్రమే మాడితే తెగులు, ఆ కొమ్మను కోసి కాల్చాలి. ఇక్కడ కొమ్మలకు కొమ్మలే మాడుతున్నాయి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టారు. కాగితం మీద చుక్కలు కదిలితే పురుగు ఉన్నట్టు. ఏదీ కదలలేదు. చివరికి మొదలు తవ్వించారు. మురుగు వాసన గుప్పుమంది. వేళ్ళు నల్లగా మెత్తబడి ఉన్నాయి. మంచి మట్టి అని ఎవరో న్యాల్‌కల్ నుంచి బండ్ల మీద తోలించిన నల్లరేగడిలో నీళ్ళు నిలిచి, ఊపిరాడక వేళ్ళు కుళ్ళాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. పైన ఆకు దాహంతో ఎండినట్టు కనిపిస్తుంది. చూసినవాడు జాలిపడి ఇంకో బిందె పోస్తాడు.

"ఎర్రబడుడు రోగం గాదు, శికాయత్" అన్నారాయన, చెట్టు ఫిర్యాదు చేస్తోందన్నట్టు. "ఎవరి మీద శికాయతో అడగకుంటనే దవా పోస్తరేంది?"

కోహీరు నుంచి నీళ్ళు నిలవని ఎర్రమొరం తెప్పించి, కుళ్ళిన వేళ్ళు కోసేసి, దిబ్బలా ఎత్తు చేసి మళ్ళీ నాటారు. నీరు పోవడానికి పక్కన కాలువ తీశారు. మూడు పొదలు అప్పటికే చేయిదాటాయి. ఒకటి బతికింది. ఎండిన కొమ్మ తిరిగి చిగురించడం ఆ జాతికి లేదు కనుక దానికి ఒకవైపు ఈనాటికీ బోసిగానే ఉంటుంది. "ఇంత తిప్పలవడి సగం చెట్టేనా?" అని హెడ్మాస్టరుగారు నవ్వితే, "సగం గాదు సార్, బతికిన చెట్టు" అన్నారు.

పిల్లల విషయంలోనూ ఆయనది అదే చూపు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి బోర్డు మీది లెక్కను ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునేది. మొద్దని అందరూ తీర్మానించారు. శరణప్పగారు ఆమెను ముందు బెంచీలోకి మార్చి చూశారు. తప్పులు ఆగిపోయాయి. ఆ పిల్లకు దూరపు చూపు ఆనదని అంతకుముందు ఎవరికీ తట్టలేదు.

ఇక నిన్నటి సభ. వక్తలందరూ ఆయన ప్రకృతి ప్రేమను వేనోళ్ళ కొనియాడారు. చివర హెడ్మాస్టరుగారు లేచి, "సార్ యాదిల రోజుకొక్క క్లాసు ఈ చెట్టుకు బిందెడు నీళ్ళు పొయ్యాలె" అని తీర్మానం పెట్టారు. చప్పట్లు మోగాయి. పెద్దలు అప్పుడే చెంబులు పట్టుకుని వరస కట్టారు. గేటు ఎదుటి కిరాణా షావుకారు అందరికంటే ముందున్నాడు. రోజూ చెంబెడు పోసి శరణప్పగారి చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు ఆయనే. నేను ఉండబట్టలేక, "ఆయన వద్దన్నది గిదే కద సార్" అన్నాను. "అది వేరే మాస్టర్. ఇది శ్రద్ధాంజలి" అన్నారు హెడ్మాస్టరుగారు. వాళ్ళ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. షావుకారు నిజంగానే ఏడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. ఇన్నేళ్ళు ఆ మనిషిని ప్రేమించారు, ఆయన చెప్పిన ఒక్క మాట చెవిన పెట్టలేదు.

ఈ పొద్దున పొద మొదట్లో మడుగు కట్టి ఉంది. కాలువ నిండా నిన్నటి దండల పూలు. పార తెచ్చి పూలు ఎత్తి పారేసి కాలువ తెరిచాను. అంతలో షావుకారు మళ్ళీ చెంబుతో వచ్చాడు. "వేలు పెట్టి చూడున్రి" అన్నాను. ఆయన కూర్చుని వేలు గుచ్చాడు. బురదలో ఆ వేలు అలాగే ఉంచి, "గిదేనా శరణప్ప సార్ రోజూ మొత్తుకున్నది" అన్నాడు. లేచి, చెంబు నీళ్ళు రోడ్డు మీద పారబోసి వెళ్ళిపోయాడు.

శరణప్పగారి వంటి ఉపాధ్యాయుడు ఈ ఊరికి మళ్ళీ దొరకడు. ఆ మహనీయునికి పుష్పాంజలి, జలాంజలి నేను సమర్పించను. రేపు ఎనిమిదో తరగతి వంతు. బిందె వచ్చే వేళకు నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడి ఉంటాను. ఆయనంత బాగా తిట్టడం నాకు చేతకాదు. అయినా తిడతాను.