అమ్మ ఉమ్రా బూట్లు

అమ్మ మక్కాకు ఉమ్రా యాత్ర పోవాలని నిశ్చయించుకున్నాక మా ఇంట్లో అందరికంటే ముందు సిద్ధమైంది నిమ్మకాయ ఊరగాయ. తర్వాత చెనిక్కాయల పొడి. మక్కాలో తిండి దొరకదని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. తనకు ఏళ్లుగా ఉన్న షుగరు సంగతి మాత్రం ఆమె ఏర్పాట్లలో ఎక్కడా లేదు. తోడుగా పోయేది నేనే కాబట్టి, హిందూపురంలోనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

ఆయన టీకా సంగతి చెప్పాడు. మాత్రలు పెద్ద పెట్టెలో వేయకుండా, మందుల చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోమన్నాడు. చివర్లో పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూస్తానని అమ్మను కళ్లు మూసుకోమన్నాడు. దారంలాంటి సన్నటి పుల్ల ఒకటి తీసి, "తెలుస్తాందామ్మా?" అని అడిగాడు.

"తెలుస్తాందప్పా" అంది అమ్మ. అప్పటికి ఆ పుల్ల ఆమె కాలికి ఇంకా తగలనే లేదు.

"ఆడ చానా నడవాల. మసీదు లోపల మందపాటి మేజోళ్లు, బయట మెత్తటి బూట్లు" అన్నాడు డాక్టరు. "కొత్త బూట్లతో మాత్రం విమానం ఎక్కొద్దు. ఇప్పట్నించే తొడుక్కొని తిరుగు. రోజూ పాదాలు చూసుకో."

"అట్లనే" అంది అమ్మ. ఆమె అంత త్వరగా ఒప్పుకుంటే ఆ పని జరగదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మా నాయనకూ షుగరే, ఆయన పోయింది కాలి పుండుతోనే. కొత్త చెప్పు కరిచి అయిన పుండు. ఆయనకు నొప్పి తెలియలేదు, మాకు వాసన వచ్చేదాకా తెలియలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తము. అమ్మను తీసుకుపోయి ఆమె కాలు అక్కడ పాడుచేసి తెస్తానేమోనని నాకు లోపల ఒకటే భయం.

యాత్రకు పోయేవాళ్లకు ధర్మవరంలో ఏదో సమావేశం పెడితే ఇద్దరం పోయాము. వస్తూ వస్తూ అక్కడే బూట్లు కొన్నాము. అమ్మ ఇంటికొచ్చి వాటిని కొత్త చున్నీలో చుట్టి, అత్తరు పూసి, బీరువాలో పైఅరలో పెట్టి తాళం వేసింది.

"తొడుక్కొని తిరగమన్నాడు కదమ్మా."

"అల్లా ఇంటికి పొయ్యేటప్పుడు తొడిగేవి. వాటితో చేపలంగడికి పోతారా యాడన్నా?"

"అలవాటు కావాల."

"రంజాన్ బట్టలు అలవాటు కావాలని పండగకు ముందే కట్టుకుంటామా?"

బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఆమెకూ డాక్టరు మాటను పాఠంలా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అదే ప్రశ్న వేసింది. విసిగిపోయాను.

మా ఇద్దరి పాదాల సైజు ఒకటే. బీరువా తాళంచెవి ఆమె దిండు కింద ఉంటుంది. బూట్లు తీసి, ఆమె బదులు నేనే మెత్తబరుద్దామని, ఆమె చూడకుండా తొడుక్కొని పెనుకొండకు రైలెక్కాను. నేను పనిచేసే బడి అక్కడే. స్టేషను నుంచి బడికి రోజూ ఆ బూట్లతోనే నడిచాను, సాయంత్రం తుడిచి మళ్లీ చున్నీలో చుట్టాను. వారం తిరక్కుండానే మడమ బొబ్బెక్కి పగిలింది. అయినా నా తెలివికి నేనే మురిసిపోయి డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను.

"మీ అమ్మను ఇంట్లో పెట్టి నువ్వొక్కదానివే పోతాండావా?" అన్నాడు.

ఆ సాయంత్రం కుంటుతూ ఇంటికొస్తే అమ్మ గడపలోనే పట్టుకుంది. ముందు బూట్లను చూసింది.

"ఎంత పని చేసినావే. పెనుకొండ దుమ్మంతా వీటికే ఉండాది."

తర్వాత నా మడమ చూసింది. కూర్చోబెట్టి, కాలు ఒళ్లో పెట్టుకొని, పుండు పక్కన వేలు ఆనించింది. నేను కాలు లాక్కున్నాను.

"అంత నొప్పా?"

"నిప్పు పెట్టినట్టుండాది."

ఆమె నా కాలును మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "నాకైతే తెలిసేదే కాదు" అంది. "మీ నాయనకూ తెల్లేదు."

నాకు ఏడుపొచ్చింది. నొప్పికేనని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

మరుసటి రోజు పొద్దున ఆమె బూట్లు తొడుక్కొని చేపలంగడికి పోయింది. వీధిలో ఎవరో అడిగితే, మక్కాకు అని చెప్పిందట, చేతిలో చేపల సంచితో. తిరిగొచ్చి బూట్లు విప్పి, నా పక్కన కూర్చొని, రెండు కాళ్లూ నా ఒళ్లో పెట్టింది.

కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కో వేలూ విడదీసి చూశాను. మడమ మీద కొంచెం ఎర్రగా ఉంటే అక్కడ వేలితో నొక్కి, "తెలుస్తాందా?" అన్నాను.

"తెల్లేదమ్మే" అంది. "నువ్వే చూడు."