సిద్దిరాములు రేకు, రాజేశం సారు ఫియట్

“నా వియ్యంకుడు దిగి నూకిండు సిద్దిరాములూ. తెల్లంగి తొడుక్కొని వచ్చిన మనిషి, లింగంపేట ఇవతల ఎత్తు మీద, నా కారు ఎనకకు వోయి నూకిండు.”

“నూకితే ఎక్కిందా సారూ?”

“కారు ఎక్కింది. నా ఇజ్జత్ దిగింది.”

“ఇంజన్ మంచిగనే ఉన్నది సారూ.”

“మంచిగుంటే ఎందుకు దగ్గుతది? కొత్త ప్లగ్గులేసి నాలుగు రోజులు కాలే. ఇగ నాతోని కాదు. రేపు పొద్దుగాల పాత ఇనుము కొనేటాయన వస్తడు. ఈన్నుంచే తీస్కపోతడు.”

నేను షెడ్డులోకి పోయేసరికి కొట్లాట అక్కడిదాకా వచ్చింది. కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉంటుంది సిద్దిరాములు షెడ్డు. నా బైకు అక్కడ విప్పి ఉంది. రాజేశం సారు ఎల్లారెడ్డిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఫియట్ వాళ్ళ నాయన కొన్నది. సారు తాళం బల్ల మీద పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సిద్దిరాములు ఆ తాళం వైపు చాలాసేపు చూశాడు. ఆయన చూసిన పాత కార్లన్నీ ఒకటొకటిగా ఇనుములోకి పోయాయి. ఆయన చేతికి మిగిలింది ఈ ఒక్కటే.

ఆయనకు అరవై రెండేళ్ళు. పదహారేళ్ళప్పుడు మాచారెడ్డి నుంచి పనికొచ్చాడు. మధ్యలో మస్కట్ పోయి నాలుగేళ్ళకు తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావంటే “ఆడ కారు చెప్పేది కంప్యూటర్ వింటది, ఇగ నేనెందుకు?” అంటాడు. షెడ్డుకు రోజుకు మూడు నాలుగు బండ్లొస్తే ఎక్కువ. మధ్యాహ్నం రొట్టె తిని, బెంచీ మీద కునుకు తీసి, లేచి చాయ్ తాగి, మళ్ళీ పానా పట్టుకుంటాడు. అంత నిమ్మళంగా బతికే మనిషి నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఒక్కడూ కనపడలేదు. నేను అక్కడున్నది రెండేళ్ళే, అది వేరే సంగతి.

ఇంజన్లో పెట్రోలుకు నిప్పంటించే ప్లగ్గు ఇచ్చే ముందు ఆయన కారును కాదు, నడిపేవాణ్ణి చూస్తాడు. ఎంత స్పీడు పోతావు, ఎంత దూరం పోతావు అని అడుగుతాడు. నిదానంగా నడిపేవాడి ఇంజన్లో ప్లగ్గు మూతి సరిగా వేడెక్కదు, మసి పడుతుంది. వాడికి తొందరగా వేడెక్కే రకం కావాలి. ఉరికించేవాడికి చల్లగా ఉండే రకం. పాత ప్లగ్గు మూతి బిస్కెట్ రంగులో ఉంటే ఇంజన్ కడుపు బాగున్నట్టు. రాజేశం సారు నలభై దాటించడు కాబట్టి ఆయనకెప్పుడూ వేడి రకమే.

ఆ తర్వాత సందు. ప్లగ్గు మూతి దగ్గర నిప్పు దూకే సందు ఈ కారుకు మిల్లీమీటరులో ఆరు పదోవంతులుండాలి. పెరిగితే పాత కాయిల్‌కు అంత దూరం నిప్పు దూకించే బలం ఉండదు. చదును మీద తెలియదు గాని ఎత్తు మీద దగ్గు మొదలవుతుంది.

సందు కొలవడానికి సన్నటి బ్లేడ్ల కట్ట అమ్ముతారు. సిద్దిరాములు దగ్గర అది లేదు. ఆయన భార్య సాలవ్వ బీడీలు చేస్తుంది. తునికాకు మీద పెట్టి చుట్టూ కత్తిరించడానికి రేకు అచ్చు ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ళ కింద బ్లేడు పోయినప్పుడు ఆ అచ్చు అంచును సందులో పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయిందట. అప్పుడు ఒక ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు. అదే ఆయన కొలత.

ఆ రోజు నాలుగు ప్లగ్గులూ విప్పితే నాలుగూ నల్లగా ఉన్నాయి. వైర్లు చూశాడు, పాయింట్లు గీకాడు, కార్బొరేటర్ కడిగాడు. ఏ తప్పూ దొరకలేదు. కాలేజీ పేరు మీద నాకు మిగిలింది ఒక బ్లేడ్ల కట్టే, ఇంటికి పోయి అది తెచ్చాను. సందు తొమ్మిది పదోవంతులుంది. ఆయన రేకును అదే సందులో దూర్చి చూశాను, సరిగ్గా పట్టింది. అదీ తొమ్మిదే.

“కాకా, నీ రేకు తప్పు,” అన్నాను.

“ముప్పై ఏండ్ల సంది కాని తప్పు నువ్వచ్చినంక అయిందా అజయ్?”

“ఈ ముక్క ముప్పై ఏండ్లదేనా?”

ఆయన రేకును వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు. పాత ముక్క పోయిన నెల విరిగిందని, ఇంట్లో అచ్చు నుంచి కొత్తది కత్తిరించానని చెప్పాడు. ఇల్లు షెడ్డు వెనకే, ఇద్దరం పోయాం. సాలవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని ఆకు చుడుతోంది.

“ఏమే, గీ అచ్చు ఎప్పటిది?”

“దసరకు కార్ఖానోళ్ళిచ్చిండ్రు. పాతయి వంగుతున్నయని మేం మొత్తుకుంటే మందం రేకుతోని చేయించిండ్రు.”

“నాకు చెప్పద్దా?”

“ఒక రేకియ్యే అన్నవ్, ఇచ్చిన. నువ్వు దాన్ని కార్లకు వెడ్తవని కార్ఖానకు ఎరుకనా?”

ఆమె దారం తెంపి ఇంకో ఆకు అందుకుంది. ఆయన నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

నా బ్లేడు పెట్టి నాలుగింటినీ మళ్ళీ సరిచేశాడు. ప్లగ్గు మూతి మీది వంపు కొసను బల్లకేసి మెల్లగా తడుతూ, బ్లేడు దూర్చి తీస్తూ, “గాజు తొడిగినట్టుండాలె. జర పట్టాలె, జర జారాలె,” అన్నాడు. మసి తుడిచి బిగించాడు. రోడ్డు మీద చూడాలంటూ నన్నూ ఎక్కించుకున్నాడు.

లింగంపేట ఇవతల ఎత్తు మీద ఫియట్ ఒక్కసారి కూడా దగ్గలేదు. పైకెక్కాక ఆయన ఆపి, గుడ్డతో పట్టుకొని ఒక ప్లగ్గు విప్పి చూశాడు. మళ్ళీ మసి పట్టలేదు, మూతి బిస్కెట్ రంగుకు తిరుగుతోంది. తిరిగి బిగించి, కామారెడ్డి వైపు కాకుండా నేరుగా ఎల్లారెడ్డికి పోనిచ్చాడు. దారంతా స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉన్నాడు.

రాజేశం సారు గేటు ముందు ఇంజన్ ఆపాడు. దిగలేదు.

“నడిచింది గదా కాకా, ఇంకేంది?”

“నడిచిందంటే సారు నమ్మడు. ఇయ్యాల నడిచి రేపు మళ్ళ ఆగుతదంటడు. ఎందుకాగిందో చెప్తేనే అమ్ముడు బంద్ అయితది. చెప్తే వియ్యంకునితోని కారు నూకిచ్చినోణ్ణి నేనే అయిత.”

“నువ్వే గదా.”

“గదే, గట్లనే. మనిషి మొకం మీద గట్ల అనుడు నాకు రాదు, నీకస్తది.” తాళం తీసి నా చేతిలో పెట్టాడు. “సారు బయటికి రాంగనే నువ్వు మొదలువెట్టు. కారుది తప్పు లేదు, సిద్దిరాములు రేకుది తప్పని ఒక్క మాట అను. నేను పక్కనే నిలవడ్త. మిగిలింది నేనే చెప్త.”